లతీఫ్ దంపతులు – మన విద్యార్థులు

హైదరాబాదున 1923లో జన్మించి, నిజాం కళాశాలలో చదివిన ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు 1978లో భారత వాయుసేనాధిపతులైనారు. ఆ పదవికంటె 1947 నాటి ఆయన నిర్ణయమునే మన విద్యార్థులకు ముందు తెలుపవలెనని మా అభిప్రాయము. దేశవిభజన వేళ, తోటి అధికారులు పాకిస్తాను వాయుసేనకు రమ్మనినను, మతమును దేశముతో ముడిపెట్టక, 24 ఏండ్ల ప్రాయమున ఆయన ఇచటనే నిలిచినారు.

సతీమణి బిల్కీస్ గారును పదవుల నీడన ఊరకుండలేదు. భర్త 1982లో మహారాష్ట్ర గవర్నరు కాగా, బొంబాయి ధారావి పేదల కొరకు పాటుపడినారు. ఆంధ్ర వంటలపై గ్రంథమును కూడ వ్రాసినారు. 2017లో ఆమె, 2018 ఏప్రిల్ 30న ఆయన కన్నుమూసినారు.

ఇచ్చోడ పిల్లలలో ఎందరికి ఈ పేర్లు తెలియును? కళాశాల కమిటీవారు వీరి జీవితమును ఉర్దూ, తెలుగు భాషలు రెంటను వ్రాయించి గ్రంథాలయమున నుంచవలెను.