ఇసుక ఉచితం సరే, నీళ్ళెవరివి? (పెన్న ఒడ్డు రాతలు – 9)



లా చదువుతున్న మా కోవూరు తమ్ముడొకడు మొన్న అడిగాడు: "అన్నా, ఇసుక గొడవ రాజకీయం కదా. దానికీ నా లా పుస్తకానికీ ఏం సంబంధం?"

సంబంధం తెలియాలంటే ఒకసారి అమెరికా దాకా పోయి రావాలి తమ్ముడూ. 1850లో విలియం మోరిస్ స్టీవర్ట్ అనే కుర్రాడు బంగారం తవ్వుకుందామని కాలిఫోర్నియా పోయాడు. తర్వాత పార పక్కన పెట్టి లా చదివాడు. నెవాడా వెండి గనుల్లో పెద్ద కంపెనీల తరఫున వాదించి బాగా గడించాడు. సెనేటర్ అయ్యాడు. 1866 గనుల చట్టం వెనక ఉన్నది ఆయనే. ముందొచ్చి తవ్వుకున్నోడిదే గని, ముందొచ్చి మళ్ళించుకున్నోడివే నీళ్ళు అనే ఆనవాయితీకి ఆ చట్టం రాజముద్ర వేసింది.

మరి అందరికన్నా ముందున్నది ఎవరు? అక్కడి ఆదివాసులు. వాళ్ళు లెక్కలోకే రాలేదు. తెల్లవాడి మీద చైనా కూలీ సాక్ష్యం చెల్లదని 1854లోనే కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పేసింది. అంటే 'ముందొచ్చినోడు' అన్న మాటకి ముందు కాయితం రాయించుకున్నోడు అని అర్థం.

ఇప్పుడు పెన్న ఒడ్డుకి రండి. ఈ ఏట్లో చేపలు పట్టి తరాలుగా బతికిన యానాదులకి ఏటి మీద ఏ కాయితం ఉంది? కాలవ చివర ఎకరం, అరెకరం డీకే పట్టా ఉన్న మాల మాదిగలకి నీటి వంతు ఎప్పుడొస్తుంది? 2022 సెప్టెంబరు 6న సంగం, నెల్లూరు బ్యారేజీలు ప్రారంభించారు. ఒకదానికి మేకపాటి గౌతమ్ రెడ్డి పేరు, ఇంకోదానికి నల్లపరెడ్డి శ్రీనివాసులురెడ్డి పేరు. ఆ కాలవలు పూడిక తీసిన చేతుల పేర్లు ఎక్కడ?

ఇసుక సంగతి చూడండి. 2014లో డ్వాక్రా సంఘాలకన్నారు. 2016లో ఉచితమన్నారు. 2019లో ప్రభుత్వ సంస్థే అమ్ముతుందన్నారు. 2021లో రాష్ట్రమంతా ఒకే ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. 2024లో మళ్ళీ ఉచితమన్నారు. జెండాలు మారాయి, పాలసీలు మారాయి. ఎవరికి ఉచితం? టిప్పరూ పొక్లెయినూ ఉన్నోడికి. గంపా పారా ఉన్నోడికి మిగిలేది కూలి.

ఇసుక అంటే ఇల్లు కట్టే సరుకు మాత్రమే కాదు. వరద నీళ్ళని తాగి, ఎండాకాలం మెల్లగా ఒడ్డు బావులకి ఊరనిచ్చేది ఆ ఇసుకే. దాన్ని లోతుగా తోడేస్తే ఊట కిందికి దిగిపోతుంది. ముందు ఎండేది దళితవాడ చేతిపంపు. డబ్బున్నోడు బోరు ఇంకో వంద అడుగులు దించుకుంటాడు. మనం బిందె పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడతాం.

చట్టం లేదా? ఉంది. 2002 వాల్టా చట్టం కింద వచ్చిన నిబంధనలు వంతెనకీ, ఆనకట్టకీ, తాగునీటి బావికీ, సాగునీటి బోరుకీ 500 మీటర్ల లోపల ఇసుక తవ్వకూడదంటున్నాయి. పెద్ద లీజుని 5 హెక్టార్ల లోపు ముక్కలు చేసి పర్యావరణ అనుమతి తప్పించుకునే ఎత్తుగడని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న, దీపక్ కుమార్ కేసులో పట్టుకుంది. ఆ ముక్కలు చేసే తెలివి ఎవరిది? ఏట్లో దిగిన కూలీది కాదు. అది స్టీవర్ట్ వారసుల తెలివి.

లాయర్లందరూ ఆ బాటే పట్టలేదు. బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్ చెరువు నీళ్ళు తాగి ఊరుకోలేదు. కోర్టులో పదేళ్ళు నిలబడి 1937లో బొంబాయి హైకోర్టులో గెలిచారు. మన బొజ్జా తారకం గారు కారంచేడు తర్వాత ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి బాధితుల పక్కకొచ్చారు.

ఇక్కడ మన తప్పు కూడా చెప్పుకోవాలి. ఏప్రిల్ 14న దండ వేస్తాం, నీలి జెండా ఎత్తుతాం. ఇసుక మీద జిల్లా సర్వే నివేదిక ముసాయిదాని 21 రోజులు జిల్లా వెబ్‌సైట్‌లో పెట్టి అభ్యంతరాలు తీసుకోవాలని 2016 నుంచి నిబంధన ఉంది. మనలో ఎంతమంది అది తెరిచి చూశాం? ఎంతమంది ఒక్క అభ్యంతరం రాశాం?

అందుకే తమ్ముడూ, ఈ సెలవుల్లో ఒక పని చెయ్యి. టేపు పట్టుకుని మీ వాడ బోరు నుంచి ఇసుక గుంట దాకా కొలువు. 500 మీటర్లు లేకపోతే ఫోటో తియ్యి, తేదీ వెయ్యి, పదిమంది అమ్మల చేత సంతకాలు పెట్టించు, కలెక్టరేట్‌లో ఇచ్చి రసీదు తీసుకో. మన వైపు కాయితం పుట్టేది అక్కడే.

ముందు నుంచీ ఉన్నోళ్ళం మనమే. ఇక రాయాల్సింది కూడా మనమే.

జై భీమ్.