టెలిస్కోపు వింటుంది, పేరు చెప్పేది ప్రయోగశాల

1970లో అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞులు డేవిడ్ బూల్, లూయిస్ స్నైడర్ అంతరిక్ష మేఘాల నుంచి 89.19 గిగాహెర్ట్జ్ దగ్గర బలమైన రేడియో సంకేతాన్ని పట్టుకున్నారు. తెలిసిన ఏ అణువుకూ అది సరిపోలేదు. దానికి ‘ఎక్సోజెన్’ అని పేరు పెట్టారు. అది హైడ్రోజన్, కార్బన్, ఆక్సిజన్ ఒక్కొక్కటి కలిసిన ధనావేశ అయాన్ కావచ్చని విలియం క్లెంపరర్ ఆ ఏడాదే సూచించారు. అయితే 1975లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ బృందం ఆ అయాన్‌ను ప్రయోగశాలలో తయారుచేసి, అదే పౌనఃపున్యాన్ని కొలిచాకే సందేహం తీరింది.

ఈ గుర్తింపుకు ఆధారం అణువుల భ్రమణం. తిరిగే అణువు కొన్ని నిర్దిష్ట పౌనఃపున్యాల వద్దే మైక్రోవేవ్‌లను గ్రహిస్తుంది, విడుదల చేస్తుంది. అవి దాని ద్రవ్యరాశి, ఆకృతులను బట్టి ఉంటాయి కాబట్టి వేలిముద్రల్లా పనికొస్తాయి.

చిక్కల్లా అస్థిర అణువులతోనే. అంతరిక్షంలో వాయువు ఎంతో పలుచన. ఢీకొనేవి తక్కువ కాబట్టి అవి నిలుస్తాయి. భూమిపై క్షణంలో మాయమవుతాయి. అందుకే వాయువును సన్నని రంధ్రం గుండా శూన్యంలోకి చిమ్మి, విద్యుత్ ఉత్సర్గంతో అణువులను విడగొడతారు. ఆ చిమ్ములో వాయువు పరమశూన్య ఉష్ణోగ్రతకు కొద్ది డిగ్రీల దూరం దాకా చల్లబడుతుంది. అప్పుడే మైక్రోవేవ్ స్పందనను పంపి, అణువుల నుంచి వచ్చే జవాబును నమోదు చేస్తారు.

కంప్యూటర్ లెక్కలు చాలవా అని అడగవచ్చు. 10 గిగాహెర్ట్జ్ దగ్గర 0.1 శాతం తేడా అంటే 10 మెగాహెర్ట్జ్. చల్లని మేఘాల్లో ఒక్కో గీత వెడల్పు కొన్ని పదుల కిలోహెర్ట్జ్ మాత్రమే. లెక్క దారి చూపుతుంది, ఇల్లు చూపలేదు. సింహరాశిలోని ఒక కార్బన్ నక్షత్రం నుంచి జపాన్ పరిశోధకులు 1995లో నమోదు చేసిన గీతలు ఏళ్ల తరబడి అనామకంగానే ఉన్నాయి. 2006లో అమెరికాలోని కేంబ్రిడ్జ్‌లో ప్రయోగశాల కొలతలు తీసిన తర్వాతే అవి ఆరు కార్బన్లు, ఒక హైడ్రోజన్ గల ఋణ అయాన్‌వని తేలింది. అంతరిక్షంలో దొరికిన తొలి ఋణ అయాన్ అదే.

మనకు ఇది దూరపు విషయం కాదు. స్క్వేర్ కిలోమీటర్ అర్రే టెలిస్కోపు కోసం భారత ప్రభుత్వం 1,250 కోట్ల రూపాయలు ఆమోదించింది. దాని దక్షిణాఫ్రికా విభాగం దాదాపు 15 గిగాహెర్ట్జ్ దాకా వింటుంది. బరువైన అణువుల గీతలు ఎన్నో ఈ పరిధిలోకి వస్తాయి. ఈ రకం కొలతలకు కావలసిన యంత్రాన్ని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఇ. అరుణన్ బృందం నిర్మించి చూపింది కూడా.

అంటే నైపుణ్యం మన దగ్గరే ఉంది. దాన్ని ఒకటి రెండు చోట్లకే పరిమితం చేయడం తగదు. టెలిస్కోపు పథకాలతో పాటే ఇలాంటి ప్రయోగశాలలకు, వాటిలో యంత్రం కట్టడం నేర్చుకునే విద్యార్థులకు కొంత వాటా కేటాయించాలి. లేకపోతే మన డబ్బుతో విన్న సంకేతాలకు పేర్లు మరెవరో పెట్టేదాకా మనం ఎదురుచూడాలి.