పెద్ద అంబర్‌పేట కడ ఒక బస్సు కావలెను

తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ మేనేజింగ్ డైరెక్టరు గారికి,
బస్ భవన్, ముషీరాబాదు, హైదరాబాదు.

మహాశయా,

సూర్యాపేట జిల్లా తిరుమలగిరి నుండి వ్రాయునది. మా ఊరినుండి శంషాబాదు విమానాశ్రయమునకు పోదలచినవాడు, సొంత కారుగాని కిరాయి కారుగాని లేక, మీ బస్సులనే నమ్ముకొని బయలుదేరినచో ఆ ప్రయాణమెట్లు సాగునో మీ దృష్టికి దెచ్చి, దానిని చక్కబరచుటకు విశేషవ్యయముతో పనిలేని యొక యుపాయమును విన్నవింపవలెనను కోరికయే ఈ లేఖకు కారణము. మీ సంస్థను వేలెత్తి చూపవలెనను తలంపు నాకు లేదు. ఈ బాధ మా ఊరొక్కదానిదే కాదు గనుకను, కోదాడ, మిర్యాలగూడ, మోత్కూరు, తొర్రూరు ప్రాంతములవారు సైతము దీనిని చదివి తమ మాటను జోడింతురను ఆశ గనుకను, బహిరంగముగా వ్రాయుచున్నాను.

తిరుమలగిరికి రైలు లేదు. కాని సూర్యాపేటనుండి జనగామకు పోవు జాతీయ రహదారియు, మోత్కూరు వైపునుండి తొర్రూరునకు పోవు బాటయు ఇచ్చట కలియుటచేత బస్సులకు కొరత లేదు. మోత్కూరు, భువనగిరుల మీదుగా ఉప్పలు చేరవచ్చును. జనగామకు పోయి సికింద్రాబాదు రైలెక్కవచ్చును. సూర్యాపేటలో దిగి విజయవాడ రహదారి పట్టుకొని ఎల్బీనగరునకు పోవచ్చును. చిక్కు మొదలగునది నగరము చేరిన తరువాతనే. రైలు దిగినవాడు ఎం.ఎం.టి.ఎస్.ను నమ్ముకొన్నచో, 2023 ఏప్రిల్‌లో ఫలక్‌నుమా దాటి ఉందానగరు వరకు పొడిగింపబడిన ఆ బండి విమానాశ్రయమునకు కొన్ని కిలోమీటర్ల దూరముననే యతనిని దింపును. సూటుకేసులతో మరల ఆటోవానిని బతిమాలుకొనవలసినదే. మెట్రో సంగతి చూడబోయిన, 2022 డిసెంబరు 9న రాయదుర్గమునుండి శంషాబాదు మార్గమునకు శంకుస్థాపన జరిగెను. ప్రభుత్వము మారిన పిమ్మట దానిని విరమించి, నాగోలు, ఎల్బీనగరు, చాంద్రాయణగుట్టల మీదుగా 36.8 కిలోమీటర్ల వేరొక మార్గమును 2024లో ప్రతిపాదించిరి. అది కార్యరూపము దాల్చిననాడు ఉప్పలు వైపున దిగు మాబోటివారికి గొప్ప మేలు కలుగును. అంతవరకు మాకు మిగిలినది నగరమునుండి విమానాశ్రయమునకు పోవు మీ పుష్పక్ బస్సొక్కటే.

పుష్పక్ బస్సులను గూర్చి నాకు ఫిర్యాదు లేదు. 2019లో ఆ మార్గములందు విద్యుత్ బస్సులను ప్రవేశపెట్టితిరి, సామాను పెట్టుకొనుటకు చోటున్నది, రాత్రివేళలలోను తిరుగును. అయితే ఆ బస్సు నగరవాసిని ఉద్దేశించి కూర్చబడినది. మా పల్లెవెలుగును, మీ ఎక్స్‌ప్రెస్సును, ఆ పుష్పక్కును నడుపునది ఒకే సంస్థయై యుండియు, ఒకదాని రాకపోకలతో మరియొకదానికి సంబంధము లేదు. ఆ సంబంధమును కల్పింపుడనియే నా విజ్ఞప్తి.

విమానమెక్కబోవువాడు తన ప్రయాణమును చివరనుండి మొదటికి లెక్కవేసికొనవలసియుండును. తెల్లవారుజామున నాలుగు గంటలకు విమానమనుకొందము. గల్ఫు దేశములకును, వాని మీదుగా అమెరికాకును పోవు విమానములలో ననేకములు నడిరాత్రి దాటిన పిమ్మటనే బయలుదేరును. మూడు గంటలు ముందుగా నుండవలెను గనుక ఒంటిగంటకు టెర్మినలు ద్వారము చేరవలెను. పుష్పక్ కొరకు నిలుచుటకును, అందు పయనించుటకును రెండు గంటలు విడిచినచో పదకొండు. ఉప్పలు–నారపల్లి ఎలివేటెడ్ కారిడారు పనులు 2018లో మొదలై ఏండ్ల తరబడి సాగుటచేత ఆ దారిలో ఏ బస్సు ఏ వేళకు చేరునో దాని డ్రైవరు సైతము చెప్పజాలని స్థితి మాకు అలవాటైపోయినది. అందుకై మరియొక గంట. ఊరినుండి ఉప్పలునకు మూడు గంటల పైమాట. ఈ లెక్క ప్రకారము సాయంకాలము బయలుదేరిన చాలును. కాని సాయంకాలపు బస్సు తప్పినచో దాని వెనుక మరియొకటి దొరకునను భరోసా లేకపోవుటచేత, ఎవరును అట్లు సాహసింపరు. మధ్యాహ్నము భోజనము ముగించిన వెంటనే గడప దాటుదురు. లేదా వేల రూపాయలు పోసి కారు మాట్లాడుకొందురు. అప్పు తెచ్చియైనను కారే మాట్లాడుకొనువారు మా ఊర నెక్కువ.

ఇట్లు పోవువారెవరు? అమెరికాలో చదువునకై పోవు పిల్లలు కొందరు. కూలిపనికి గల్ఫునకు పోవువారు కొందరు. కూతురి పురిటికో కోడలి పురిటికో ఆరు నెలలకని బయలుదేరు వృద్ధదంపతులు కొందరు. ఈ కడపటివారిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. మా ఊరు ధాన్యపు మార్కెట్టునకు పేరుపడినది. ప్రయాణమునకు ముందటినాడు ఆ తల్లి తన సూటుకేసులను ఆటోలో వేసికొని గింజలు తూచు కాటా కడకు తెచ్చును; ఇరువది మూడు కిలోలకు మించినచో విమానమువారు డబ్బు కట్టమందురని కొడుకు ఫోనులో హెచ్చరించియున్నాడు. దుకాణపు గుమస్తా సూటుకేసును కాటా పైకెత్తి, "కిలోనర ఎక్కువొచ్చింది పెద్దమ్మా, కారప్పొడి తీస్తరా, సకినాలు తీస్తరా?" అని యడుగును. ఆమె రెండును తీయదు. తన చీరలు రెండు తీసి చేతిసంచిలో కుక్కుకొని, మూతపడిన సూటుకేసునకు ఎర్రని గుడ్డపీలిక ముడివేయును, దిగిన చోట ఆనవాలు పట్టుటకు. ఆ బరువులను మరునాడు ఊరి బస్సులోనికి ఎక్కింపవలెను, ఉప్పలులో దింపవలెను, రోడ్డు దాటింపవలెను, పుష్పక్కులోనికి మరల ఎక్కింపవలెను. విమానాశ్రయము లోపల అడిగిన పిదప చక్రాల కుర్చీ వచ్చి ఆమెను విమానపు వాకిటి వరకు గొనిపోవును. అంతటి ఆదరము ద్వారము లోపల దొరకుచుండగా, ఆ ద్వారము వరకు ఆమెను చేర్చు బాధ్యత ఏ శాఖకును లేకపోవుట నాకు మిక్కిలి బాధాకరముగా తోచుచున్నది.

2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి పథకము క్రింద మా ఆడవారు పల్లెవెలుగులోను ఎక్స్‌ప్రెస్సులోను జీరో టికెట్టుతో హైదరాబాదు వరకు పోవుచున్నారు. దానివలన మా పల్లెలలో ఎందరు తల్లులు తొలిసారిగా తమంతట తామే నగరమునకు పోయి పిల్లలను చూచి వచ్చిరో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంతదూరము సుఖముగా తెచ్చినవారు, మిగిలిన నలుబది కిలోమీటర్లను టికెట్టు తీసికొనియే పోవుదుమని మేము సిద్ధముగా నున్నప్పుడు, ఆ కొంచెమును అతుకుటకు వెనుదీయరాదు.

ఇందులో న్యాయవిచారము సైతము కొంత కలదు. 2004లో కేంద్ర ప్రభుత్వమునకును, విమానాశ్రయమును నిర్మించిన కంపెనీకిని జరిగిన ఒడంబడికలో, ఆకాశమార్గమున 150 కిలోమీటర్ల లోపల, ప్రారంభమైననాటినుండి 25 సంవత్సరముల వరకు, మరియొక విమానాశ్రయము తలయెత్తరాదను నిబంధన చేర్చిరి. వరంగల్లు మామునూరు విమానాశ్రయమునకు ఇన్నేండ్లు అడ్డుపడినది ఈ నిబంధనయే. 2025 ఫిబ్రవరిలో దానికి అనుమతి వచ్చినది, సంతోషము. శంషాబాదులో 2008 మార్చి 23న విమానములు ఎగురసాగెను గనుక ఆ గడువు 2033 వరకు సాగును. తిరుమలగిరి, సూర్యాపేటలు రెండును ఆ వలయములోనివే. మాకు మరియొక ద్వారము కూడదని ప్రభుత్వమే వ్రాసియిచ్చినప్పుడు, ఉన్న ఒక్క ద్వారమునకు దారి చూపు ధర్మమును, కేంద్రమైనను రాష్ట్రమైనను, ప్రభుత్వమే వహింపవలెను గదా. ప్రభుత్వము చేతిలో ఆ దారి చూపగల సాధనము మీ సంస్థ కంటె వేరొకటి లేదు.

మీ సంస్థ పుట్టుకయే ఇట్టి అతుకుపనికై జరిగినదని మీరెరుగుదురు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వే శాఖకు అంగముగా, 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణా మొదలయ్యెను. రైలును బస్సును ఒకే శాఖ నడపుటయందలి యుద్దేశము సుగమము: పట్టాలు పోని ఊరివాడు బస్సెక్కి స్టేషను చేరవలెను, రైలు దిగినవాడు బస్సెక్కి ఇల్లు చేరవలెను. 1945లో బేగంపేట కేంద్రముగా దక్కను ఎయిర్‌వేసు విమానములు సైతము ఎగిరెను. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్సులో కలిసిపోయెను. రైలు కేంద్రము చేతికి, విమానము కంపెనీల చేతికి పోయినను, ఆ మూడింటిని కలుపు నేర్పు మీ సంస్థ రక్తములోనే యున్నదని నా నమ్మకము.

ఇక ఉపాయము. కోదాడ, సూర్యాపేట, నకిరేకల్ బస్సులు విజయవాడ రహదారి మీదనే వచ్చును. మిర్యాలగూడ, నల్లగొండ బస్సులు నార్కట్‌పల్లి కడ ఆ రహదారిని కలియును. తొర్రూరునుండియు తిరుమలగిరినుండియు మోత్కూరు, వలిగొండల మీదుగా వచ్చువారు చౌటుప్పలు కడ దానినే చేరవచ్చును. అనగా ఉమ్మడి నల్లగొండ జిల్లాలో అధికభాగము పెద్ద అంబర్‌పేట కడ ఔటర్ రింగురోడ్డు క్రిందుగానే నగరము ప్రవేశించుచున్నది. ఆ కూడలినుండి రింగురోడ్డు మీద బొంగులూరు, రావిర్యాల, తుక్కుగూడలు దాటినచో శంషాబాదు; మధ్యలో సిగ్నలు లేదు, జనసమ్మర్దము లేదు. మా ప్రయాణికులు ఆ కూడలిని దాటి, ఎల్బీనగరు వరకు రద్దీలో ఈడ్చుకొనుచు పోయి, అచ్చటినుండి మరల దక్షిణమునకు తిరిగి పోవుచున్నారు. వాకిలి ముందరనుండియే నడచి, ఊరు చుట్టి పెరటిదారిన ఇల్లు చేరినట్లున్నది మా గతి.

కావున పెద్ద అంబర్‌పేటనుండి విమానాశ్రయమునకు రింగురోడ్డు మీదుగా, రాత్రి తొమ్మిదినుండి రెండు గంటల వరకైనను, నిర్ణీత వేళలకు ఒక షటిల్ బస్సు నడుపుడని ప్రార్థించుచున్నాను. విజయవాడ రహదారిలో పోవు మీ బస్సులన్నియు ప్రయాణికుడు కోరినప్పుడు అచ్చట నిలుచునట్లు ఆజ్ఞ యియ్యుడు. నిలుచు చోట దీపము, కప్పు, ఆడవారికి మరుగుదొడ్డి, సామాను దించుటకు చదునైన నేల ఉండవలెను; అర్ధరాత్రి హైవే ప్రక్కన సూటుకేసుల నడుమ ఒంటరిగా నిలుచుటకు ఏ కుటుంబమును ఒప్పదు. టికెట్టు తిరుమలగిరి కండక్టరు మిషనులోనే విమానాశ్రయము వరకు ఒక్కటిగా దొరకవలెను, టోలు రుసుమును అందులోనే చేర్చి. 2023లో మీరు తెచ్చిన గమ్యం యాప్‌లో ఏ బస్సు ఎచ్చట నున్నదో తెలియుచున్నది గనుక, పంతంగి టోలుగేటు కడ మా బస్సు చిక్కుకొన్నచో షటిల్ డ్రైవరు కొన్ని నిమిషములు ఆగుటకు వీలు కలదు. ఇది సాగినచో తరువాత తొర్రూరునుండి తిరుమలగిరి మీదుగా నేరు బస్సొకటి వేయవచ్చును. మొదటనే దానిని కోరుట లేదు.

ఆక్యుపెన్సీ రేషియో రాదని మీ డిపోలవారు చెప్పవచ్చును. ఆ మాట త్రోసిపుచ్చదగినది కాదు. డీజిలు ధరయు జీతములును మోయుచున్న సంస్థ ఖాళీ బస్సు త్రిప్పజాలదు. కాని ఒక్క ప్రయాణికుని వెంట సాగనంపువారు నలుగురైదుగురు పోవుట మన యాచారము. వారు రాత్రి తిరిగి రావలెను. గల్ఫునుండి దిగినవారు తెల్లవారకముందే ఊరు చేరగోరుదురు. పోవునప్పుడును వచ్చునప్పుడును బస్సు నిండుటకు అవకాశమున్నది. ఇప్పుడు ఆ డబ్బంతయు కార్ల కిరాయికి పోవుచున్నది. కర్ణాటక రోడ్డు రవాణా సంస్థవారు మైసూరునుండి బెంగళూరు విమానాశ్రయమునకు ఫ్లైబస్సు పేర నేరు సర్వీసులు నడుపుచున్నారు. జిల్లావాసి రాజధానిలో దిగి బస్సు మారనక్కరలేదని వారు గ్రహించిరి. మద్రాసులో తిరుశూలము స్టేషను విమానాశ్రయమునకు ఎదురుగానే యున్నది. చెంగల్పట్టు వైపువాడు లోకల్ రైలు దిగి రోడ్డు దాటిన చాలును.

ప్రయోగముగా జులై, ఆగస్టు నెలలలో మొదలుపెట్టుడు. అమెరికా కళాశాలలు తెరచు కాలమది. మా జిల్లా పిల్లలు ఎక్కువగా బయలుదేరునది అప్పుడే. రెండు నెలల పిమ్మట టికెట్టు లెక్కలు చూచి, కొనసాగించుటయో మానుటయో మీరే నిర్ణయింపుడు. ఆ మధ్యకాలమున షటిల్ వేళల పట్టికను తిరుమలగిరి బస్టాండులోను, మార్కెట్టు యార్డు గోడమీదను, జూనియరు కళాశాల గేటు కడను వ్రాయించు ఖర్చు మేము భరింతుము. పట్టిక పంపుటకు మీ సూర్యాపేట డిపో మేనేజరు గారికి ఒక్క ఉత్తరువు చాలును.

ఇట్లు,
భవదీయుడు,
తిరుమలగిరి ప్రయాణికుడొకడు