మలికానుపునకు ముందు అడుగవలసిన మాట

మన యిండ్లలో తల్లి నోట రాగూడని విషయ మొకటి కలదు. తొలికానుపులో బిడ్డ వెలువడునప్పుడు యోనికిని మలద్వారమునకును నడుమనున్న భాగము చీలుట పెక్కుమందికి సంభవించును. చిన్న చీలికలు త్వరలో మానును. కాని మూడవ తరగతి చీలిక మలద్వారమును బిగించియుంచు కండరమునకు తగులును. నాలుగవ తరగతిది లోపొరనుగూడ భేదించును. అట్టి స్త్రీకి వాయువును, ఒక్కొక్కప్పుడు మలమును ఆపుకొను శక్తి తగ్గవచ్చును. ఆమె పేరంటమునకు పోదు, బస్సెక్కదు. కారణ మెవ్వరికిని చెప్పదు.

మరల గర్భము నిలిచి ఆమె భయపడినచో, “అందఱూ కనలేదా?” యని పెద్దలు గద్దింతురు. ఇది ధైర్యవచనము కాదు. నోటికి వేయు తాళము. అనుభవమునుండి పుట్టిన భయమునకు గద్దింపు మందు కాదు, జ్ఞానమే మందు. సరిగా కుట్లు పడినవారిలో నూటికి 60 మొదలు 80 మందివఱకు ఏడాది తిరుగునప్పటికి బాధలేక యుందురని బ్రిటనులోని ప్రసూతివైద్యుల రాజకళాశాల 2015లో తెలిపినది. వారిలో పెక్కుమంది సహజముగనే మరల ప్రసవింపవచ్చును. బాధ యింకను తీఱనివారికిని, పరీక్షలో కండరము మాననట్లు తేలినవారికిని సిజేరియను మార్గమును గూడ తెలుపవలెను. 2019–21 కుటుంబారోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రమున నూటికి 42 కానుపులు సిజేరియనులు. ఇన్ని కోతలు కోయుచోట, ఆ ప్రశ్నకు నిజముగ కారణమున్న స్త్రీని అడుగువారు మాత్ర మరుదు!

తొలికానుపు పుట్టింట, మలికానుపు అత్తింట జరుగుట మనకు వాడుక. గుడివాడలో కుట్లు వేసిన వైద్యురాలు వ్రాసిన కాగితము బందరునకో అవనిగడ్డకో రాదు. బిడ్డ పుట్టిన గడియ విగడియలను జాతకమునకై పదిలపఱచు మనము, తల్లికి చీలిన దేమో తెలుపు కాగితమును పాఱవేయుదుము. పైగా పథ్యమని బాలింతకు నీరు, కూరలు తగ్గించి మలబద్ధము తెప్పింతుము. ఆమె ముక్కినప్పుడెల్ల కుట్లపై ఒత్తిడి పడును.

ఇది శాస్త్రమని చెప్పువారు చరకుని శారీరస్థానమును చూడవలెను. పురిటింట నుండు స్త్రీలు తాము కనినవారు, స్నేహశీలలు, విషాదము లేనివారునై యుండి ప్రసవించుదాని నోదార్చవలెనని ఆయన విధించెను. గర్భిణి కోరిన తోడు ఆమె చెంత నుండవలెనని 2018లో ప్రపంచారోగ్యసంస్థ చెప్పినదియు నదియే. ఇక గద్దింపునకు ఆధార మెక్కడ?

కావున గృహస్థులారా! ఆ కాగితమును దాచుడు. నెలలు నిండకముందే, “కండరము మానినదా? ఏ మార్గము మేలు? బిడ్డ తల వెలువడునప్పుడు వేడి కాపడము పెట్టి, చేతితో ఆనుదురా?” యని వైద్యురాలిని అడుగుడు. బందరున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయే వెలసినది. దివిసీమవారికిని అడుగుటకు చోటు లేదనరాదు. లోపించినది మన నోట మాట. భర్త ఆమె ప్రక్కన కూర్చుండి వినవలెను. అత్తగారు ధైర్యము చెప్పవలెను. నిర్ణయము మాత్రము కనవలసిన యామెదే.