ఈశాన్యం బాగుంది, హక్కు లేదు

హుకుంపేటలో ఇల్లు కొనాలంటే మొట్టమొదట తేలాల్సింది కొనేది ఎవరన్నది. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరుకూ అరకులోయకూ నడుమ ఉన్న ఈ మండలం షెడ్యూల్డ్ ప్రాంతం. ఇక్కడ స్థిరాస్తి చేతులు మారడం 1959 నాటి భూబదిలీ నిబంధన కిందికి వస్తుంది. 1970లో దానికి జరిగిన సవరణే జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిలిచింది. దాని ప్రకారం ఏజెన్సీలో భూమి గానీ ఇల్లు గానీ షెడ్యూల్డ్ తెగలవారికి, లేదా అచ్చంగా వారితోనే ఏర్పడిన సహకార సంఘానికి తప్ప మరెవరికీ బదిలీ కాదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా నియమం ఇదే. తనఖా, కౌలు, దానం, మార్పిడి కూడా బదిలీ కిందే లెక్క. గిరిజనేతరుడి చేతిలో ఇక్కడ స్థిరాస్తి కనిపిస్తే అది గిరిజనుల దగ్గర నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు అతనిదే. ఈ సవరణ చెల్లుతుందని పి. రామిరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1988లో తేల్చింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద మొదలైన సమతా కేసులో 1997లో ఇంకో అడుగు వేసి, ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని చెప్పింది.

బేరాల్లో ఈ సంగతి చివరన వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. స్థలం చూడటానికి వచ్చినవారు ముందు ఫోనులో దిక్సూచి తెరుస్తారు. మర్నాడు సిద్ధాంతి వస్తాడు. తూర్పు ముఖమా, ఉత్తరమా, ఈశాన్యం పెరిగిందా, నైరుతి మూసుకుందా అని చూసి, తల పంకించి, సంభావన తీసుకుని వెళ్తాడు. అరకు లోయకు పర్యాటకులు పెరిగాక ‘పక్కా వాస్తు’ అన్న మాట కొండెక్కి ఇక్కడి స్థలాల బేరాల్లోకీ చేరింది. గిరిజనేతరుడికి అమ్మితే ఆ కాగితం ఏ దిక్కు తిరిగి సంతకం పెట్టినా చెల్లదు. స్టాంపు కాగితం మీద రాసుకున్న ఒప్పందాన్ని ఏ సబ్ రిజిస్ట్రారూ బాగుచేయలేడు. అయినా ఈశాన్యంలో బావి ఉందన్న ధీమాతో లక్షలు చేతులు మారతాయి.

వాస్తు చెప్పేది క్లుప్తంగా ఇది. తూర్పు, ఉత్తరం శుభం, దక్షిణం యముడిది. ఈశాన్యం పల్లంగా, ఖాళీగా ఉండాలి. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. వీధి ఎదురుగా వచ్చి తగిలితే వీధిపోటు. ఇంటి కొలతను లెక్కగట్టి ఎనిమిదితో భాగిస్తే మిగిలే శేషం ఆ ఇంటి ఆయం. బేసి శేషాలు ధ్వజం, సింహం, వృషభం, గజం. సరి శేషాలు పొగ, కుక్క, గాడిద, కాకి. అంటే కొలతలు ఎలా పడితే అలా ఉన్న ఊళ్లో సగం ఇళ్లు పుట్టుకతోనే పొగకో గాడిదకో చెందుతాయి. ఇంత చిన్న సామగ్రితో జబ్బుకు, అప్పుకు, సంతానానికి, పదో తరగతి ఫలితానికి కారణం చెప్పగల విద్య ఇంకొకటి లేదు. ఇది ఎలా పుట్టిందని తవ్వనక్కరలేదు. ఇల్లు కొనేవాడి భయం ఎక్కడుంటే దాన్ని అమ్ముకునేవాడు అక్కడుంటాడు.

కొండల మీద ఈ నియమాలు ఎంత తలకిందులుగా ఉంటాయో దక్షిణ ముఖమే చెబుతుంది. హుకుంపేట దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్‌లో దాదాపు నడినెత్తికి వచ్చి, కొద్దిగా ఉత్తరానికి ఒరుగుతాడు. కాబట్టి దక్షిణానికి తెరుచుకున్న అరుగు మీద చలికాలంలో ఎండ పడుతుంది, వేసవిలో చూరు నీడ నిలుస్తుంది. పాడేరు, అరకు కొండల్లో చలికాలపు రాత్రి ఉష్ణోగ్రతలు పది డిగ్రీల కిందికి దిగుతాయి, పొద్దెక్కేదాకా మంచు వీడదు. అలాంటి చోట ముసలివారికి, పసిబిడ్డలకు పనికొచ్చేది దక్షిణపు వాకిలే. యముడి దిక్కని దాన్ని మూసి, ఉత్తరపు చలిగాలికి తలుపు తెరవమనే సలహాకు శాస్త్రమని పేరు.

వాలు సంగతీ అంతే. నేల ఈశాన్యానికి వాలాలని వాస్తు కోరుతుంది. కొండ తనకు ఎటు వీలైతే అటు వాలుతుంది. దక్షిణపు వాలులో పుట్టిన ఊరంతా వాస్తు దృష్టిలో దోషమే. ఊరికి ఊరే తరతరాలుగా అక్కడ పసుపు, మిరియాలు, కాఫీ పండిస్తూ బతికి ఉండటం ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు. నిజంగా వాలు ప్రాణం తీసేది ఇంకో రకంగా. 2024 సెప్టెంబరు భారీ వర్షాలకు గూడెంకొత్తవీధి మండలం చట్రాయిపల్లిలో కొండచరియ విరిగి ఇళ్ల మీదికి వచ్చింది, ప్రాణనష్టం జరిగింది. ఇంటి వెనక కొండను ఎంత నిటారుగా తవ్వారు, పైన చెట్లున్నాయా, వాననీటికి కాలువ ఉందా, పక్క గెడ్డ ఎంత ఎత్తుకు పొంగుతుంది అన్న ప్రశ్నలు ఏ వాస్తు పుస్తకంలోనూ లేవు.

ఇంతవరకే అయితే నవ్వి ఊరుకోవచ్చు. ఈ నమ్మకం ఖరీదును కొనేవాడు ఒక్కడే కట్టడు.

మొదట కట్టేది అమ్మేవాడు. కూతురి పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో ఇల్లు అమ్ముకునేవాడికి ‘దక్షిణ ముఖం, వీధిపోటు’ అని చెబితే ధర దిగుతుంది. దోషం ఉందని దిగిన ధర, కొన్నవాడు గుమ్మం పక్కకు జరిపి మళ్లీ అమ్మేటప్పుడు తిరిగి పైకి లేస్తుంది. ఆ లాభం పేరు శాంతి.

తర్వాత చచ్చినవారు, చావబోయేవారు. ధనిష్ఠ ఉత్తరార్ధం నుంచి రేవతి దాకా ఉన్న నక్షత్రాల్లో ఎవరైనా పోతే ధనిష్ఠా పంచకమంటారు. ఆ ఇంటిని నక్షత్రాన్ని బట్టి నెలల తరబడి పాడుపెట్టాలంటారు. చంద్రుడు 27 నక్షత్రాలనూ చుట్టేసే కాలంలో ఈ నాలుగున్నర వాటా సరిగ్గా ఆరో వంతు. అంటే మనుషులు ఎప్పుడు పోయినా సగటున ఆరుగురిలో ఒకరు ఇంటికి దోషం పెట్టే పోతారు. పంచాంగాలు ఇంకొన్ని నక్షత్రాలనూ కలిపితే లెక్క ఇంకా పెరుగుతుంది. మూడు తరాలు నిలిచిన ఇల్లు దీని నుంచి తప్పించుకోవడం కష్టం. సొంత ఇల్లున్నవాడు తాళం వేసి బంధువుల ఇంటికి వెళ్తాడు. అద్దెకున్నవాడు ఎక్కడికి వెళ్లాలి? మంచం పట్టిన తల్లి ఉందని తెలిస్తే ఖాళీ చేయమనే యజమానులు, ఆసుపత్రిలో పోయిన మనిషి శవాన్ని గేటు దాటనివ్వని యజమానులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వానలో రోడ్డు పక్క టార్పాలిన్ కింద శవాన్ని పెట్టుకుని కూర్చున్న కుటుంబాల వార్తలు పత్రికల్లో వస్తూనే ఉంటాయి. ఆ యజమాని దుర్మార్గుడు కానక్కరలేదు. దైవభక్తి ఉన్నవాడే. రేపు ఈ ఇల్లు అమ్మాలంటే ‘పీడ ఇల్లు’ అన్న పేరు పడుతుందని భయపడ్డవాడు. భయం అతనిది, వానలో తడిసేది వేరొకరు.

గృహప్రవేశంలో వితంతువు వెనక వరసలో ఉంటుంది. కట్టిన ఇంటికి సొమ్ము ఆమె పింఛనుదైనా సరే, పాలు పొంగించేది వేరొకరు. దీన్ని ఆచారమని పిలుస్తూ ఎవరూ సిగ్గుపడరు.

కొండ ఊళ్లలో ‘ఇంటికి దోషం’ ఇంకో రూపంలో ఉంది. ఇంట్లో వరసగా జ్వరాలొస్తే, పిల్లలు పోతే, పక్కింటి ముసలాయన చిల్లంగి పెట్టాడంటారు. ఆ నెపంతో జరిగిన దాడులు, హత్యలు ఈ ఏజెన్సీ పోలీసులకు కొత్త కావు. జ్వరం మలేరియాది, శిక్ష ముసలాయనకు. మైదానం నుంచి వచ్చిన వాస్తు ఈ పాత భయాన్ని తగ్గించకపోగా దానికి పంచాంగపు హోదా ఇచ్చింది. గిరిజనుల నమ్మకమైతే మూఢత్వం, మైదానపు నమ్మకమైతే శాస్త్రం అనే చదువుకున్న ఉద్యోగులకు రెండింటి మధ్య తేడా ఏమిటో అడిగితే సంస్కృతంలో జవాబు వస్తుంది.

సంస్కృతంలో ఏముందో కూడా చూడాలి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహిత వాస్తు అధ్యాయంలో వర్ణం దిగేకొద్దీ ఇంటి వెడల్పు తగ్గుతుంది. తెల్ల నేల బ్రాహ్మణుడికి, ఎర్రది క్షత్రియుడికి, పసుపుది వైశ్యుడికి, నల్లది శూద్రుడికి. భగత, కొండదొర, కోటియ, గదబ ఇళ్లకు ఈ గ్రంథాల వారసులు వచ్చి ఈశాన్యం సరిచేస్తున్నారు. ఏ వర్ణపు కొలత ఇస్తున్నారో మాత్రం చెప్పరు.

నమ్మకానికి పెద్దల అండ తక్కువేమీ కాదు. తెలంగాణ మంత్రివర్గం 2015 జనవరిలో సచివాలయాన్ని ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి స్థలానికి మార్చాలని నిర్ణయించినప్పుడు ముఖ్యమంత్రి బాహాటంగా వాస్తునే కారణంగా చెప్పారు. చివరికి పాత భవనాలను 2020లో కూల్చి, అక్కడే కట్టిన కొత్తదాన్ని 2023 ఏప్రిల్ 30న ప్రారంభించారు. అదే ఏడాది డిసెంబరు 3న ఓట్లు లెక్కపెట్టారు, ప్రభుత్వం పోయింది. ఓటర్లు వాస్తు చదవలేదేమో. మహారాష్ట్ర 2013లో మూఢనమ్మకాల దోపిడీ మీద చట్టం చేసినా వాస్తు సలహాను దాని పరిధి నుంచి తప్పించింది.

డబ్బు నిజంగా పోగొట్టుకునే సంస్థలు మాత్రం దిక్కులను నమ్మవు. జీవిత బీమా సంస్థ దరఖాస్తులో వయసు, జబ్బులు, పొగాకు అలవాటు అడుగుతుంది; ఇంటి ముఖం అడగదు. దక్షిణపు వాకిలి మనుషులను చంపేదే అయితే దానికి ప్రీమియం ఎప్పుడో పెరిగి ఉండేది. ఇంటి రుణం ఇచ్చే బ్యాంకు న్యాయవాది అభిప్రాయం, ఇంజనీరు అంచనా తీసుకుంటుంది.

హుకుంపేటలో కొనుగోలుకు అర్హత ఉన్న గిరిజన కుటుంబం చూడాల్సినవి వేరే ఉన్నాయి. అమ్మేవాడి హక్కు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మొదటిది. అటవీ హక్కుల చట్టం, 2006 కింద ఇచ్చిన పట్టా వారసులకు వస్తుంది కానీ అమ్మడానికి పనికిరాదు. గ్రామకంఠంలో ఉన్న ఇంటికి పాత కాగితాలు లేకపోవచ్చు. అప్పుడు ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లు ఎవరి పేరున ఉన్నాయో, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ ఒప్పుకున్నారో ఊళ్లో పదిమందిని అడగాలి. మధ్యలో ఏ గిరిజనేతరుడి చేతిలోనైనా ఇల్లు ఉండి ఉంటే, భూబదిలీ కేసు నడుస్తోందేమో పాడేరులో విచారించాలి. ఇంటిని ఎండాకాలంలో ఒకసారి, జోరువానలో ఒకసారి చూడాలి. ఊట ఏప్రిల్‌లో ఎండుతుందా, గ్రావిటీ కుళాయికి నీళ్లు అందుతాయా, మరుగుదొడ్డి గుంత ఊటకు ఎగువన ఉందా తెలుసుకోవాలి. అంబులెన్సు ఇంటిదాకా వస్తుందా, రోగిని డోలీలో మోయాల్సిన దూరం ఎంత అన్నది ధర కన్నా ముందు అడగాలి.

బదిలీ మీద వచ్చే గిరిజనేతర ఉద్యోగి ఇక్కడ ఇల్లు కొనలేడు. నమ్మకస్తుడైన గిరిజనుడి పేరున కొని పెట్టుకోవడం చట్టాన్ని దొడ్డిదారిన తప్పించుకోవడమే. ఆ ఇంటి మీద అతనికి కోర్టులో నిలిచే హక్కు ఉండదు. సొంత ఇల్లు కావాలంటే ఘాట్ దిగి చోడవరంలోనో విశాఖలోనో వెతుక్కోవాలి. అక్కడ వన్ ఆఫ్ సెవెంటీ అడ్డు రాదు. సిద్ధాంతి వస్తాడు.