తిరిగే వైపే తిప్పండి

ఎండలు ముదిరాయంటే గోల్నాక ఇరుకిళ్లలోనైనా, యూనివర్సిటీ క్వార్టర్లలోనైనా, తార్నాక అపార్టుమెంట్లలోనైనా ఆడవాళ్లకు ఒక పని తప్పదు. అటకమీది టేబుల్ ఫ్యాన్ దించాలి, రెక్కల దుమ్ము కడగాలి. ముందు జాలీ తేలిగ్గానే వస్తుంది. చిక్కంతా రెక్కను పట్టి ఉంచే నడిమి మూత దగ్గరే. ఎంత తిప్పినా కదలదు. ఇంకాస్త బలం పెడితే మూతైనా పగులుతుంది, రెక్కైనా విరుగుతుంది. చివరికి మెకానిక్కు వచ్చి, చిటికెలో ఊడదీసి, డబ్బులు పుచ్చుకుని వెళ్తాడు. అతనికి తెలిసిన కిటుకు మీరూ తెలుసుకోండి.

సీసా మూతయినా, కుళాయి అయినా గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే వదులవుతుంది. మన చేతికి అదే అలవాటు. టేబుల్ ఫ్యాన్ మూత మాత్రం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. మెకానిక్కులు దీన్ని ‘ఉల్టా చూడీ’ అంటారు. తమాషా ఏమిటంటే, అదే ఫ్యాన్‌కు వెనక జాలీని పట్టి ఉంచే ప్లాస్టిక్ చక్రం మామూలు పద్ధతిలోనే ఊడుతుంది. ఒకే ఫ్యాన్‌కు రెండు మరలు, రెండు దారులు!

ఎందుకిలా? తార్నాక స్టాపులో సిటీబస్సు ఒక్కసారి కదిలితే మనం వెనక్కి తూలుతాం కదా. ఫ్యాన్ వేయగానే ఇరుసు ముందుకు తిరుగుతుంది, రెక్క ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ లాగుడు నడిమి మూత మీద పడుతుంది. ఆ లాగుడుకు మూత వదులుకాకుండా ఇంకా బిగుసుకునేలా మర కోస్తారు. అందుకే ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: రెక్క ఏ వైపు తిరుగుతుందో, మూతను ఆ వైపే తిప్పితే ఊడుతుంది. ఎదురుగా తిప్పితే బిగుస్తుంది. మిక్సీ మోటారు మీద ఉండే కప్లర్‌కూ చాలావాటిలో ఇదే లెక్క. ఖాళీ జారు పెట్టి ఒక్క క్షణం వేసి ఆపండి. బ్లేడు ఆగేటప్పుడు ఏ వైపు తిరుగుతోందో కనిపిస్తుంది.

ఇక పని మొదలుపెట్టండి. ముందుగా ప్లగ్గు తీసేయండి, స్విచ్చి ఆపితే చాలదు. ఒక చేత్తో రెక్కను కొస దగ్గర కాకుండా మొదలు దగ్గర పట్టుకోండి. రెండో చేతికి రబ్బరు గ్లౌజు వేసుకుంటే పట్టు జారదు. ఇరుసు తుప్పు పట్టి ఉంటే రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి రాత్రంతా వదిలేయండి. మళ్లీ బిగించేటప్పుడు చేతి బిగువు చాలు. మిగతాది ఫ్యానే బిగించుకుంటుంది.

మీ పిల్లవాడు ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరాడా? అక్కడ బొమ్మ విమానాలు కట్టడం కూడా నేర్పుతారు. ఇప్పుడు బ్యాటరీ మోటార్లు ఎక్కువైనా, పాత చిన్న ఇంజన్లు ఇంకా కొన్ని ఇళ్లలో ఉన్నాయి. ‘అమ్మా, రెక్క ముందున్న నట్టు రావడంలేదు’ అని వాడు మీ దగ్గరికొస్తే కంగారుపడకండి. ఇక్కడా మన సూత్రమే. ఈ ఇంజన్ల రెక్క మామూలుగా, ఎదుటినుంచి చూస్తే, ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. కాబట్టి నట్టు కూడా మామూలు నట్టులాగే ఊడాలి.

అయినా రాలేదంటే పట్టుకున్నది ఆముదం అయ్యుండొచ్చు. అవును, మన ఆముదమే! ఈ ఇంజన్ల ఇంధనంలో మిథనాల్‌తోపాటు ఆముదమూ కలుపుతారు. వాడకుండా నెలల తరబడి పెడితే అది బంకలా గట్టిపడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొన్ని విమానాల ఇంజన్లకూ ఆముదమే పోశారు. అది పెట్రోలులో అంత తేలిగ్గా కలవదు కనుక కొట్టుకుపోదని. ఆముదం మీద పరిశోధన మన తార్నాకలోనే జరిగింది. భారతీయ వంటల చరిత్ర రాసిన కె.టి. అచ్చయ ఇక్కడి ప్రయోగశాలలోనే నూనెల మీద పనిచేశారు. 1944లో మొదలైన ఆ సంస్థనే ఇప్పుడు ఐఐసీటీ అంటున్నాం.

పెట్రోలుతో కలవని ఆముదం కిరసనాయిలుతోనూ సరిగా కలవదు. స్పిరిటుకు మాత్రం లొంగుతుంది. కనుక ముందు ఇంధనం పూర్తిగా వంపించి, బ్యాటరీ క్లిప్పు తీయించండి. ఇంజన్‌ను మిద్దెమీద ఎండలో పెట్టండి, లేదా తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో వెచ్చచేయండి. చల్లారాక మందులషాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ నాలుగు చుక్కలు నట్టు మొదట్లో వేసి కాసేపు ఆగండి. స్పిరిట్ వేశాక మళ్లీ డ్రయ్యర్ జోలికి పోవద్దు. రెక్కను మందపాటి గుడ్డతో మధ్యలో పట్టుకుని, సరిగ్గా సరిపోయే పానాతో చిన్న కుదుపు ఇవ్వండి. కటింగ్ ప్లేయర్ వాడితే నట్టు మూలలు అరిగిపోతాయి. లోపల తిరక్కుండా స్క్రూడ్రైవర్ దూర్చడం అసలు కూడదు, పిస్టన్ పాడవుతుంది.

నట్టు సంగతి అలా ఉంచి, తల్లిగా మీరు గట్టిగా చూసుకోవలసింది ఆ ఇంధనం సీసా. మిథనాల్ విషం. కల్తీసారా చావుల్లో వినబడే పేరు అదే. కొంచెం మింగినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పట్టపగలు దాని మంట కంటికి సరిగా కనిపించదు కూడా. దాన్ని కూల్‌డ్రింకు సీసాలో పోయనివ్వకండి, వంటింట్లోకి రానివ్వకండి. పేరు రాసి, చిన్నపిల్లలకు అందకుండా తాళంవేసిన చోట ఉంచండి. పొరపాటున ఎవరైనా మింగితే, బాగానే ఉన్నారు కదా అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. లక్షణాలు కొన్ని గంటల తరువాత కూడా రావచ్చు.

ఇక ఫ్యాన్ కడిగి బిగించేశాక, దాని వెనక చిన్న కాగితం అంటించి ‘తిరిగే వైపే తిప్పాలి’ అని రాసి పెట్టండి. వచ్చే వేసవికి మీకే కాదు, ఇంట్లో ఎవరి చేతికి ఫ్యాన్ వచ్చినా అక్కరకొస్తుంది.