తుప్పు ఎక్కడ పడుతుందో తెలుసా?

ముందే నా మాట సూటిగా చెప్పేస్తాను. స్కేల్ మోడల్ కార్లు చేసే మాలాంటి వాళ్ళలో చాలామందిమి అసలు కార్లను చూడట్లేదు. వేరేవాళ్ళు చేసిన మోడల్స్ ఫోటోలు చూసి మోడల్స్ చేస్తున్నాం. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టు. ఇందులో మొదటి ముద్దాయిని నేనే కాబట్టి ఎవరూ ఫీల్ అవ్వక్కర్లేదు.

ఈ హాబీ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కిట్ అంటే ప్లాస్టిక్ ఫ్రేములకి అతుక్కుని వచ్చే విడిభాగాలు. వాటిని కత్తిరించి, సాపు చేసి, రంగేసి, అతికించి కారు తయారు చేయాలి. కార్లకి ఎక్కువగా వాడే స్కేల్ 1/24. అంటే నాలుగు మీటర్ల కారు దాదాపు 17 సెంటీమీటర్లు అవుతుంది. అరచేతిలో పట్టేస్తుంది గానీ అందులో సీట్లు, స్టీరింగ్, కొన్నిట్లో ఇంజిన్ కూడా ఉంటాయి.

పోయిన సెలవుల్లో నేను 1/24 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ చేశాను. ఎక్కడో చెట్టుకింద ఏళ్ళ తరబడి వదిలేసిన కారులా కనిపించాలని ప్లాన్. నెట్‌లో చూసిన ట్రిక్స్ అన్నీ దాని మీద ప్రయోగించా. రూఫ్ మీద స్పాంజితో తుప్పు మచ్చలు, ప్రతి గీతలో నల్ల రంగు, ఇంజిన్ దగ్గర బోలెడు వైర్లు, ఒక లావుపాటి రేడియేటర్ పైపు. ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెడితే అన్నీ ఫైర్ ఎమోజీలే.

మా మామయ్యకి విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. ఆయనకి చూపించా. కళ్ళజోడు పెట్టుకుని, గుమ్మం దగ్గర వెలుగులోకి తీసుకెళ్ళి, తిప్పి తిప్పి చూశారు. "బాగుందిరా అల్లుడూ. కానీ రూఫ్ నడిమధ్యలో నీళ్ళెందుకు నిలుస్తాయి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత వెనక మూత ఎత్తి నవ్వడం మొదలుపెట్టారు. "ఈ బండికి రేడియేటర్ ఎక్కడిదిరా? ఇది గాలితో చల్లబడే ఇంజిన్."

ఆ రోజు నాకు అన్నం సహించలేదు. దాని మీద దాదాపు నలభై గంటలు పెట్టాను. ఆ నలభై గంటల్లో నిజం బీటిల్ ఫోటో ఒక్కటి కూడా నిదానంగా చూడలేదని అప్పుడు అర్థమైంది.

మర్నాడు మామయ్య షెడ్డులో ఉన్న ఒక పాత కారు చుట్టూ తిప్పి చూపించారు. తుప్పు డోర్ అడుగు అంచున మొదలవుతుంది, ఎందుకంటే లోపలికి దిగిన నీళ్ళు బయటికి పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోతాయి. చక్రాల పైన మడతల్లో వస్తుంది, ఎందుకంటే అక్కడ తడి బురద గడ్డకట్టి ఉండిపోతుంది. అద్దం చుట్టూ రబ్బరు కింద వస్తుంది. మ్యాట్ల కింద ఫ్లోర్‌లో వస్తుంది. రూఫ్, బానెట్ పైభాగాల్లో ముందు జరిగేది వేరే. అక్కడ ఎండకి రంగు వెలిసి, మెరుపు పోయి సున్నం కొట్టినట్టు అవుతుంది. అంటే తుప్పు ఒక డిజైన్ కాదు. దానికి ఒక లాజిక్ ఉంది. నీళ్ళు ఎక్కడ ఆగుతాయో అక్కడే అది ఉంటుంది.

అప్పట్నుంచి నా రూల్ ఒకటే. ఏ డీటెయిల్ పెట్టే ముందైనా "ఇది అసలు కారులో ఎందుకు ఉంది? ఎంత సైజులో ఉంది?" అని అడగాలి. జవాబు లేకపోతే పెట్టకూడదు. ఈ రెండో ప్రశ్నకి చిన్న లెక్క చాలు, 24తో భాగించడమే. ఆ లెక్క వేస్తే మనం చేసే తప్పులు చాలావరకు వాటంతట అవే బయటపడతాయి.

స్పార్క్ ప్లగ్ వైరు నిజంగా 7, 8 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 1/24లో అది 0.3 మిల్లీమీటరు. మనం ఇయర్‌ఫోన్ వైరు తొడుగుతో సహా పెడితే ఇంజిన్‌లో కొండచిలువలు పాకుతున్నట్టు ఉంటుంది. లోపలి సన్నటి రాగి తీగ తీసి నల్ల రంగేస్తే సరిపోతుంది. సీట్ బెల్ట్ వెడల్పు 5 సెంటీమీటర్ల లోపు, అంటే మోడల్‌లో 2 మిల్లీమీటర్లు. డోర్‌కీ బాడీకీ మధ్య సందు 4 మిల్లీమీటర్లు అనుకుంటే మోడల్‌లో 0.17 కూడా రాదు.

రంగు లెక్క ఇంకా భయపెడుతుంది. నిజం కారు మీద పెయింటు పొరలన్నీ కలిపి సుమారు 0.1 నుంచి 0.15 మిల్లీమీటరు. మోడల్ మీద కూడా మనం అంతే మందం వేస్తే, అసలు కారు మీద రెండున్నర మిల్లీమీటర్ల రంగు పూసినట్టు లెక్క. అందుకే మనవాళ్ళ మోడల్స్‌లో డోర్ గీతలు పూడుకుపోయి, అంచులు కరిగిన చాక్లెట్‌లా ఉంటాయి. ఒకేసారి తడిగా కొట్టకుండా పల్చటి పొరలు మూడు నాలుగు వేయండి, మధ్యలో ఆరనివ్వండి. ఆరిందో లేదో ముక్కే చెప్తుంది. వాసన వస్తోందంటే ఇంకా ఆరలేదు. వానాకాలంలో లాకర్ రంగు స్ప్రే చేస్తే గాలిలో తేమ వల్ల పైన తెల్లటి మంచులా కమ్ముతుంది. ముసురు పట్టిన రోజు ఆ డబ్బా ముట్టుకోవద్దు.

గీతల్లో నల్ల రంగు నింపడం ఇంకో జబ్బు. పగటి వెలుగులో తెల్ల కారు పక్కన నిలబడి చూడండి. డోర్ సందు బూడిద రంగు నీడలా కనిపిస్తుంది. అక్కడ నలుపు పెడితే కారు కాటుక పెట్టుకున్నట్టు ఉంటుంది. తెల్ల కారుకి బూడిద రంగు, ఎర్ర కారుకి ముదురు గోధుమ రంగు బాగా పల్చన చేసి పారించండి. నలుపు నల్ల కార్లకీ, గ్రిల్ లోపలికీ ఉంచండి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సినవి ఎవరూ ఫోటో తీసి పెట్టరు. విడిభాగాల్ని గోరువెచ్చటి సబ్బునీళ్ళతో కడగాలి, లేకపోతే అచ్చులోంచి వచ్చిన జిడ్డు మీద రంగు పట్టదు. ఫ్రేమ్ నుంచి భాగాన్ని ఒక్క కోతలో కొయ్యకుండా, కొంచెం దూరంగా ఒకసారి, దగ్గరగా రెండోసారి కొయ్యాలి. బాడీ మీద అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత ఉంటుంది, దాన్ని వాటర్ పేపర్‌తో సాపు చేయాలి. గ్రే ప్రైమర్ కొడితే మిగిలిన లోపాలన్నీ కనిపిస్తాయి. అద్దాలకి సూపర్ గ్లూ వాడితే దాని ఆవిరికి అవి మసకబారతాయి, ఫెవికాల్ చాలు. కొత్త టైరు మెరుస్తుంటే రోడ్డుకి తగిలే భాగాన్ని వాటర్ పేపర్ మీద రెండుసార్లు దొర్లించండి. నిజం టైరు మెరవదు కదా.

జపాన్‌లో షిజుఓకాకి చెందిన తమియా కంపెనీ 1976లో 1/12 స్కేల్ పోర్షె 934 కిట్ తెచ్చింది. దాని కోసం షున్‌సాకు తమియా నిజం పోర్షె 911 కొని, దాన్ని విడదీయించి మరీ స్టడీ చేశారు. చిన్న కారు కోసం పెద్ద కారు విప్పారు! మనల్ని కారు కొనమని ఎవరూ అనట్లేదు. ఒకసారి చూడమంటున్నా, అంతే.

"ఇది డబ్బున్నవాళ్ళ హాబీ" అని కొందరు అంటారు. కిట్ ధర విషయంలో ఒప్పుకుంటా, నా ఒక్కో కిట్ వెనక చాలా బిర్యానీల త్యాగం ఉంది. కానీ మిగతా సామాన్లు హాబీ షాపులోనే కొనాలని లేదు. 400 నుంచి 2000 దాకా వాటర్ పేపర్, లప్పం, రబ్బింగ్ కాంపౌండ్ అన్నీ కార్ పెయింట్ షాపుల్లో దొరుకుతాయి. పెద్ద కార్లకి రంగులేసేవాళ్ళు చేసే పనినే మనం చిన్నగా చేస్తున్నాం. ఒక్క జాగ్రత్త: అక్కడ దొరికే థిన్నర్ నేరుగా తగిలితే మన ప్లాస్టిక్‌ని కరిగించేస్తుంది, అందుకే ఏదైనా ముందు ఫ్రేమ్ ముక్క మీద టెస్ట్ చేయండి. హాస్టల్ రూమ్ తలుపులు మూసి స్ప్రే కొట్టకండి. మాస్క్ పెట్టుకోండి. రూమ్మేట్ ఊపిరితిత్తులు మీ ప్రాజెక్టులో భాగం కాదు.

ఇంకో అభ్యంతరం బలమైనది. "మోడల్ అంటే నా ఊహ. రూఫ్ మీద తుప్పు నా ఇష్టం" అని మా రూమ్మేటే వాదించాడు. ఊహకి నేను అడ్డు రాను. ఎగిరే బీటిల్ చేసినా లైక్ కొడతా. కానీ నా బీటిల్‌లో ఉన్నది ఊహ కాదే! ఎవరో చేసినదాన్ని చూసి, ఎందుకు చేశారో తెలియకుండా దించేశాను. కొన్నిసార్లు కోడ్ కూడా అలాగే రాస్తున్నాం కదా. ఆ లైన్ ఎందుకుందో తెలీదు, తీసేస్తే ఏమవుతుందో తెలీదు, రన్ అవుతోంది కాబట్టి ఉంచేస్తాం. వైవాలో సార్ అడిగితే దొరికిపోతాం. నా రేడియేటర్ పైపు అలాంటి లైనే. అడిగేవాళ్ళు లేనంతకాలం బాగానే రన్ అయింది.

ఇప్పుడు ఆ పైపు పీకేశా. రూఫ్ సాపు చేసి, ఎండకి వెలిసినట్టు మళ్ళీ రంగేశా. తుప్పు డోర్ల అడుగుకి దిగింది. ఈసారి గ్రూప్‌లో ఫైర్ ఎమోజీలు తగ్గాయి, "ముందుదే బాగుంది" అన్నవాళ్ళూ ఉన్నారు. మామయ్య మాత్రం ఫోటో చూసి "డ్రైవర్ సీటు ఇంకాస్త నలగాలి" అని మెసేజ్ పెట్టారు. అంటే మిగతాదంతా పాసైనట్టే.

మీరు తర్వాతి కిట్ తెరిచే ముందు ఒక పని చేయండి. మన కాలేజీ పార్కింగ్‌కి వెళ్ళి, బాగా పాతబడ్డ కారు ఒకటి ఎంచుకుని, పది నిమిషాలు చుట్టూ తిరగండి. దుమ్ము ఎక్కడుంది, రంగు ఎక్కడ వెలిసింది, ఏ హ్యాండిల్ దగ్గర గోటి గీతలున్నాయి, కింద వంగి కూడా చూడండి. సెక్యూరిటీ అంకుల్ అడిగితే మాత్రం ఏం చెప్పాలో ముందే ఆలోచించుకోండి. నన్ను అడిగారు.